థీసిస్‌కు నాలుగో తరగతి.. 19 ఏళ్లకు అదే పనికి నోబెల్! యాసిడ్ సమీకరణాల వెనకున్న అర్హీనియస్ కథ

టెన్త్ ఫిజికల్ సైన్స్ కానీ, ఇంటర్ కెమిస్ట్రీ కానీ.. ఆమ్లాలు, క్షారాల పాఠం తెరిస్తే ఒక చిన్న తిరకాసు ఎదురవుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి సమీకరణం రాస్తే మధ్యలో ఒకటే బాణం. వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లానికి రాస్తే ఎదురెదురుగా రెండు బాణాలు. రెండూ ఆమ్లాలే. రెండూ నీళ్లలో కలిపినవే. మరి బాణాల్లో తేడా ఎందుకు? చాలామంది స్టూడెంట్స్ దీన్ని బట్టీ పట్టి వదిలేస్తారు. ఒక బాణం మర్చిపోయి మార్కు పోగొట్టుకునేవాళ్లూ తక్కువేం కాదు.

ఈ తేడాకు అసలు కారణం మొదట పట్టుకున్న మనిషికి కూడా మార్కులు పోయాయి. అలా ఇలా కాదు, కెరీరే పోయేంతగా. ఆయన పేరు స్వాంటే అర్హీనియస్. స్వీడన్ దేశస్థుడు. 25 ఏళ్ల వయసులో ఆయన రాసిన థీసిస్‌ను సొంత యూనివర్సిటీ ప్రొఫెసర్లే పక్కన పడేసినంత పని చేశారు. అదే పనికి 1903లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. స్వీడన్‌కు దక్కిన మొట్టమొదటి నోబెల్ కూడా అదే.

మూడేళ్లకే చదవడం వచ్చేసింది

1859 ఫిబ్రవరి 19న ఉప్సలా పట్టణానికి దగ్గర్లోని విక్ అనే ఎస్టేట్‌లో అర్హీనియస్ పుట్టాడు. తండ్రి భూముల సర్వే చేసే ఉద్యోగి. తర్వాత కుటుంబం ఉప్సలాకు మారింది. అక్కడి యూనివర్సిటీ చాలా పాతది, పేరున్నది. ఊరంతా దాని చుట్టూనే తిరిగేది.

పిల్లాడికి ఎవరూ నేర్పకుండానే మూడేళ్లకు చదవడం వచ్చేసిందట. తండ్రి లెక్కల పుస్తకాల్లో అంకెలు కూడుతుంటే పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ లెక్కలు పట్టేశాడు. పెద్దయ్యాక కూడా ఆయన బలం అదే. ప్రయోగం చేసే చెయ్యి మరీ గొప్పది కాకపోయినా, అంకెల కుప్పలోంచి అసలు సంగతి లాగడంలో ఆయన్ను మించినవాళ్లు అప్పట్లో చాలా కొద్దిమంది.

1876లో ఉప్సలా యూనివర్సిటీలోనే చేరాడు. కానీ అక్కడి పాఠాలు నచ్చలేదు. కెమిస్ట్రీలో పెద్ద మనిషి పెర్ టియోడోర్ క్లీవ్. హోల్మియం, థూలియం అనే రెండు మూలకాలను కనిపెట్టిన ఘనుడు. ఆయన దృష్టిలో కెమిస్ట్రీ అంటే కొత్త పదార్థాలు తయారుచేయడం, తూకం వేయడం. ఫిజిక్స్ వైపు చూస్తే అక్కడి ప్రొఫెసర్ థాలెన్‌కు వేరే పనులున్నాయి. అర్హీనియస్‌కేమో ఈ రెండు సబ్జెక్టుల మధ్య గోడ మీద కూర్చోవాలని ఉంది. ఉప్సలాలో ఆ గోడ మీద చోటు లేదు.

దాంతో 1881లో స్టాక్‌హోమ్ వెళ్లిపోయాడు. అక్కడ సైన్స్ అకాడమీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఎరిక్ ఎడ్లుండ్ దగ్గర చేరాడు. తనకు నచ్చిన ప్రశ్న మీద పని మొదలుపెట్టాడు. ఉప్పు, యాసిడ్, క్షారం లాంటివి నీళ్లలో కరిగిస్తే ఆ నీళ్లలోంచి కరెంటు పోతుంది. పంచదార నీళ్లలోంచి పోదు. ఎందుకు?

నిద్ర పట్టని రాత్రి

ఇది కొత్త ప్రశ్నేం కాదు. ఇంగ్లండ్‌లో మైఖేల్ ఫారడే 1834లోనే దీని మీద పెద్ద పని చేశాడు. ద్రావణంలో కరెంటును మోసుకెళ్లే కణాలకు అయాన్లు అనే పేరు ఆయన వాడుకలోకి తెచ్చిందే. అప్పటి ఆలోచన ప్రకారం ఆ అయాన్లు కరెంటు పెట్టినప్పుడు పుడతాయి. కరెంటు లేకపోతే ద్రావణంలో మామూలు అణువులే ఉంటాయి. 1857లో జర్మనీకి చెందిన క్లాసియస్ కొంచెం ముందుకెళ్లి, కరెంటు లేకపోయినా కొద్దిగా అయాన్లు ఉండొచ్చని అన్నాడు. అక్కడితో ఆగాడు.

అర్హీనియస్ చేసిన పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది. ద్రావణాన్ని పలచన చేస్తూ పోయాడు. ప్రతిసారీ దాని విద్యుత్ వాహకత కొలిచాడు. నీళ్లు కలిపితే మొత్తంగా వాహకత తగ్గుతుంది, అది సహజం. కానీ కరిగిన పదార్థంలో ఒక్కో వంతు ఎంత కరెంటు మోస్తోందని లెక్క తీస్తే మాత్రం సీన్ రివర్స్. పలచన చేసేకొద్దీ ఒక్కో వంతు మోసే కరెంటు పెరుగుతోంది!

దీనికి ఒకటే వివరణ కుదిరింది. నీళ్లలో కరిగిన అణువుల్లో కొన్ని పనిచేసేవి, కొన్ని ఊరికే ఉండేవి. పలచన చేసేకొద్దీ ఊరికే ఉండేవి కూడా పనిచేసేవిగా మారుతున్నాయి. ఈ ఆలోచన 1883 మే 17 రాత్రి తనకు తట్టిందని అర్హీనియస్ తర్వాత ఎప్పుడో గుర్తుచేసుకున్నాడు. ఆ రాత్రి మొత్తం లెక్క తేల్చేదాకా నిద్రపోలేదట.

థీసిస్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. కరెంటును బాగా మోసే ఆమ్లమే కెమికల్‌గా కూడా బలమైన ఆమ్లం. అంటే వాహకత మీటర్ చూసి ఆమ్లం బలం చెప్పేయొచ్చు. ఈ వాక్యమే ఆ తర్వాత ఆయన్ను కాపాడింది.

56 పాయింట్లు.. మెచ్చినవాళ్లు లేరు

థీసిస్‌ను ఫ్రెంచ్‌లో రాశాడు. సుమారు 150 పేజీలు, అందులో 56 ప్రతిపాదనలు. 1884 మేలో ఉప్సలా యూనివర్సిటీలో దాన్ని సమర్థించుకోవాలి. అంతకుముందు క్లీవ్ దగ్గరికి వెళ్లి తన కొత్త సిద్ధాంతం చెప్పబోతే, ఆయన బాగుంది అని ఒక ముక్క అనేసి వీడ్కోలు చెప్పి పంపేశాడని అర్హీనియస్ చెప్పుకున్నాడు. అలాంటి సిద్ధాంతాలు రోజుకొకటి పుడతాయి, పోతాయి అన్నది క్లీవ్ లెక్క. న్యాయంగా చెప్పాలంటే క్లీవ్ మరీ మూర్ఖుడేం కాదు. ఆ థీసిస్ చదవడం కష్టంగానే ఉండేది. అయాన్ల మాట కూడా అందులో ఇంకా సూటిగా లేదు.

రిజల్ట్ వచ్చింది. థీసిస్‌కు నాలుగో తరగతి. దాన్ని సమర్థించుకున్న తీరుకు మూడో తరగతి. పాసయ్యాడు కానీ, ఆ గ్రేడ్‌తో ఉప్సలాలో పాఠాలు చెప్పే డాసెంట్ పోస్టుకు దారి మూసుకుపోయినట్టే. వేరే ఊర్లలోనూ ఎవరు తీసుకుంటారు? మామూలుగా అయితే కథ ఇక్కడే ముగిసిపోవాలి.

అర్హీనియస్ ఊరుకోలేదు. థీసిస్ కాపీలను యూరప్‌లో తనకు తెలిసిన పెద్ద పేర్లకు పోస్టులో పంపాడు. బాన్‌లో క్లాసియస్, ట్యూబింగెన్‌లో లోథర్ మేయర్, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాంట్ హాఫ్, రీగాలో విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్.

ఆస్ట్వాల్డ్‌కు ఆ పార్సిల్ చేరిన రోజు మామూలు రోజు కాదు. 1884 జూన్‌లో ఒకే రోజు తనకు భరించలేని పంటి నొప్పి, కూతురు పుట్టిన వార్త, ఈ థీసిస్.. మూడూ కలిసి వచ్చాయని ఆయన రాసుకున్నాడు. మూడింట్లో ఎక్కువ ఇబ్బంది పెట్టింది థీసిసేనట! ఎందుకంటే ఆయన కూడా అప్పటికి ఆమ్లాల బలం మీదే పనిచేస్తున్నాడు. ఏ ఆమ్లం ఎంత వేగంగా రియాక్షన్ నడిపిస్తుందో పదుల కొద్దీ ఆమ్లాలకు కొలిచి పెట్టుకున్నాడు. అర్హీనియస్ చెప్పినట్టు వాహకత కొలిచి చూస్తే, ఆ వరుస తన వరుసతో సరిపోయింది.

ఆగస్టులో ఆస్ట్వాల్డ్ స్వయంగా ఉప్సలాకు వచ్చాడు. పేరున్న ప్రొఫెసర్ సముద్రం దాటి ఒక నాలుగో తరగతి కుర్రాడిని చూడడానికి రావడం ఆ చిన్న ఊర్లో చిన్న విషయం కాదు. పైగా రీగాలో ఉద్యోగం ఇస్తానన్నాడు. దెబ్బకు ఉప్సలా యూనివర్సిటీ కూడా మెత్తబడింది. ఆ ఏడాది చివర్లోనే అర్హీనియస్‌ను ఫిజికల్ కెమిస్ట్రీ డాసెంట్‌గా తీసుకుంది. బయటివాళ్లు మెచ్చాక ఇంట్లోవాళ్లు గుర్తించడం మనకు కొత్తేం కాదు కదా.

తండ్రి ఆరోగ్యం బాగోలేక అర్హీనియస్ వెంటనే రీగా వెళ్లలేకపోయాడు. 1885లో తండ్రి చనిపోయాడు. తర్వాత అకాడమీ ట్రావెల్ గ్రాంట్ రావడంతో 1886 నుంచి యూరప్ బాట పట్టాడు. రీగాలో ఆస్ట్వాల్డ్, వుర్జ్‌బర్గ్‌లో కోల్‌రౌష్, గ్రాజ్‌లో బోల్ట్జ్‌మన్, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాంట్ హాఫ్.. అందరి దగ్గరా పనిచేశాడు.

ఉప్పు నీళ్లలో ఏముంది?

ఈ తిరుగుడులోనే అసలు మలుపు వచ్చింది. ద్రావణాల్లో ఒత్తిడి మీద వాంట్ హాఫ్ చక్కటి సూత్రం కనిపెట్టాడు. పంచదారకు అది సరిగ్గా సరిపోయింది. ఉప్పుకు మాత్రం జవాబు దాదాపు రెట్టింపు వస్తోంది. నీళ్లలో వేసిన కణాల కంటే రెట్టింపు కణాలు ఉన్నట్టు! ఇది చూసిన అర్హీనియస్‌కు సంగతి అర్థమైపోయింది. ఒక్కో ఉప్పు కణం రెండుగా విడిపోతోంది, అందుకే లెక్క రెట్టింపు.

1887లో ఆస్ట్వాల్డ్, వాంట్ హాఫ్ కలిసి మొదలుపెట్టిన కొత్త జర్నల్‌లో అర్హీనియస్ ఈ మాట బల్లగుద్ది చెప్పాడు. ఆమ్లాలు, క్షారాలు, లవణాలు నీళ్లలో కరిగితే చాలు, కరెంటు పెట్టినా పెట్టకపోయినా అయాన్లుగా విడిపోతాయి. ఎంత శాతం విడిపోతాయన్నది పదార్థాన్ని బట్టి, ఎంత పలచనగా ఉందన్నదాన్ని బట్టి. ఆమ్లం అంటే నీళ్లలో హైడ్రోజన్ అయాన్ ఇచ్చేది. క్షారం అంటే హైడ్రాక్సైడ్ అయాన్ ఇచ్చేది. ఇప్పుడు పిల్లలు ఒక్క లైన్‌లో రాసేసే డెఫినిషన్ ఇదే.

ఇక్కడ బాణాల సంగతి చూద్దాం. ఇప్పటి పుస్తకాల్లో బలమైన ఆమ్లానికి ఇలా రాస్తారు:

హైడ్రోక్లోరిక్ ఆమ్లం → హైడ్రోజన్ అయాన్ + క్లోరైడ్ అయాన్

బలహీన ఆమ్లానికి ఇలా:

అసిటిక్ ఆమ్లం ⇌ హైడ్రోజన్ అయాన్ + అసిటేట్ అయాన్

మొదటిదాంట్లో పలచని ద్రావణంలో ఆమ్లం దాదాపు పూర్తిగా విడిపోతుంది, వెనక్కి రావడం లేదు. అందుకే ఒకటే బాణం. రెండోదాంట్లో కొన్ని విడిపోతుంటాయి, విడిపోయినవి మళ్లీ కలుస్తుంటాయి. ఈ రెండు పనులూ ఒకే వేగంతో నడిచే చోట లెక్క నిలబడుతుంది. దాన్నే సమతాస్థితి అంటారు. 0.1 మోలార్ అసిటిక్ ఆమ్లంలో మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర విడిపోయేవి సుమారు 1.3 శాతమే. అంటే వందకు ఒకటీ అరా. మిగతా 98కి పైగా అణువులు అణువులుగానే ఉంటాయి. అదే ద్రావణాన్ని 0.001 మోలార్‌కు పలచన చేస్తే 12 శాతం దాకా విడిపోతాయి. అర్హీనియస్ ల్యాబ్‌లో చూసిన వింత ఇదే. ఈ లెక్కకు 1888లో ఆస్ట్వాల్డ్ ఒక సూత్రం కూడా రాశాడు.

ఎదురెదురు బాణాల గుర్తును మొదట వాడింది వాంట్ హాఫ్. అర్హీనియస్ థీసిస్ వచ్చిన 1884లోనే ఆయన తన పుస్తకంలో సమీకరణం మధ్య ఈక్వల్ గుర్తు తీసేసి రెండు బాణాలు పెట్టాడు. ఇప్పుడు వాడే సగం మొన ఉన్న బాణాలను 1902లో హ్యూ మార్షల్ అనే స్కాట్లండ్ కెమిస్ట్ సూచించాడు.

ఇక్కడ స్టూడెంట్స్ ఎక్కువగా పొరపడే చోటు ఒకటుంది. బలమైన అంటే గాఢమైన అని కాదు. బలం అంటే ఎంత శాతం విడిపోతుందని. గాఢత అంటే నీళ్లలో ఎంత పోశామని. చెంబుడు నీళ్లలో రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినా అది బలమైన ఆమ్లమే, కాకపోతే పలచగా ఉంది. అలాగే బలహీనం అంటే భయం లేనిది అనుకుంటే ప్రమాదం. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుస్తకం ప్రకారం బలహీన ఆమ్లం. దానికి రెండు బాణాలే. కానీ అది గాజును తినేస్తుంది, ఒంటి మీద పడితే ప్రాణాల మీదకు వస్తుంది.

క్షారాల్లో సున్నం సంగతి ఇంకా తమాషా. కాల్షియం హైడ్రాక్సైడ్ లీటరు నీళ్లలో రెండు గ్రాములు కూడా కరగదు. అయినా దాన్ని బలమైన క్షారం అనే అంటారు. ఎందుకంటే కరిగిన ఆ కాస్తా దాదాపు మొత్తం విడిపోతుంది. ఒక కాల్షియం అయాన్, రెండు హైడ్రాక్సైడ్ అయాన్లు వస్తాయి. ఆ రెండు అనే అంకె సమీకరణంలో రాయకపోతే లెక్క తప్పినట్టే. సల్ఫ్యూరిక్ ఆమ్లం అయితే రెండు మెట్లలో దిగుతుంది. మొదటి హైడ్రోజన్ పూర్తిగా విడిపోతుంది కాబట్టి ఒక బాణం. మిగిలిన బైసల్ఫేట్ అయాన్ నుంచి రెండో హైడ్రోజన్ అంత తేలిగ్గా ఊడిరాదు. అక్కడ రెండు బాణాలు పెట్టాలి.

సోడియం మండదా, క్లోరిన్ వాసన రాదా?

1887 పేపర్ చూసి యూరప్ కెమిస్టులు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారనుకుంటే పొరపాటు. ఎదురు ప్రశ్న చాలా గట్టిది. సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ ఆకుపచ్చ విషవాయువు. మరి ఉప్పు నీళ్లలో ఈ రెండూ విడివిడిగా తిరుగుతుంటే గ్లాసు పేలదేం? తాగినవాడు పోడేం?

అర్హీనియస్ వర్గం జవాబు.. సోడియం అయాన్ వేరు, సోడియం పరమాణువు వేరు. విద్యుదావేశం వచ్చాక దాని గుణమే మారిపోతుంది. ఇప్పుడు టెన్త్ పిల్లాడికి ఇది మామూలు మాట. కానీ అప్పటికి ఎలక్ట్రాన్ అంటే ఏంటో ఎవరికీ తెలీదు. జె.జె. థామ్సన్ దాన్ని కనిపెట్టింది 1897లో. ఆవేశం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేకుండానే ఆవేశం మీద సిద్ధాంతం కట్టడం అంటే నిజంగా తెగింపే. ఇంగ్లండ్‌లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, రష్యాలో ఆవర్తన పట్టికతో పేరు తెచ్చుకున్న మెండలీవ్.. ఇద్దరూ దీన్ని ఒప్పుకోలేదు. అర్హీనియస్, ఆస్ట్వాల్డ్, వాంట్ హాఫ్ వర్గానికి అయోనిస్టులు అనే పేరు పడింది.

వాళ్ల వాదనను నిలబెట్టిన వాటిలో ఒకటి చాలా సింపుల్. ఏ బలమైన ఆమ్లాన్ని ఏ బలమైన క్షారంతో కలిపినా, పలచని ద్రావణాల్లో ఒక మోల్ నీరు తయారయ్యేటప్పుడు వచ్చే వేడి దాదాపు ఒకటే.. సుమారు 57 కిలోజౌళ్లు. హైడ్రోక్లోరిక్‌తో సోడియం హైడ్రాక్సైడ్ కలిపినా అంతే. నైట్రిక్‌తో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపినా అంతే. వేర్వేరు పదార్థాలు, వేర్వేరు లవణాలు, వేడి మాత్రం ఒకటే! ఈ సంగతి చాలా ఏళ్లుగా తెలుసు, కారణం మాత్రం తేలలేదు. అయాన్ల లెక్కలో అది ఇట్టే విడిపోయింది. సోడియం, క్లోరైడ్ అయాన్లు ముందూ విడిగానే ఉన్నాయి, తర్వాతా విడిగానే ఉన్నాయి. వాళ్లు ఊరికే చూస్తున్న ప్రేక్షకులు. నిజంగా జరిగింది ఒక్కటే:

హైడ్రోజన్ అయాన్ + హైడ్రాక్సైడ్ అయాన్ → నీరు

అన్ని చోట్లా రియాక్షన్ ఒకటే అయినప్పుడు వేడి కూడా ఒకటే కదా. అదే అసిటిక్ ఆమ్లం పోస్తే వేడి కాస్త తగ్గుతుంది. ఎందుకంటే విడిపోకుండా ఉన్న అణువులను విడదీయడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. బలహీన ఆమ్లాన్ని అయాన్లుగా కాకుండా మొత్తం అణువుగానే సమీకరణంలో రాయాలని టీచర్లు పట్టుబట్టేది అందుకే.

క్లీవ్ చేతుల మీదుగా..

1889లో అర్హీనియస్ ఇంకో సూత్రం ఇచ్చాడు. వేడి పెంచితే రియాక్షన్ వేగం ఎంత పెరుగుతుందో చెప్పే అర్హీనియస్ సమీకరణం. ఇంటర్ సెకండియర్ వాళ్లకు దీని పరిచయం బాగానే ఉంటుంది. 1891లో జర్మనీ నుంచి ప్రొఫెసర్ పోస్టు వచ్చినా కాదని స్టాక్‌హోమ్‌లోనే ఉండిపోయాడు. అక్కడ 1895లో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. 1901లో స్వీడన్ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యాడు కానీ, అప్పటికీ వ్యతిరేకించినవాళ్లు ఉన్నారు.

1903 నోబెల్ వచ్చేనాటికి అసలు చిక్కు.. ఈయన చేసింది ఫిజిక్సా, కెమిస్ట్రీయా? రెండు ప్రైజుల్లో చెరో సగం ఇద్దామన్న ఆలోచన కూడా నడిచింది. చివరకు కెమిస్ట్రీ ప్రైజ్ మొత్తం ఇచ్చారు. అప్పుడు కెమిస్ట్రీ నోబెల్ కమిటీ అధ్యక్షుడు ఎవరో కాదు.. ఉప్సలాలో ఆయన్ను గుమ్మం నుంచే సాగనంపిన క్లీవ్! ఆయన మనసు మార్చుకున్నాడు, అర్హీనియస్ సిద్ధాంతాన్ని మెచ్చుకున్నాడు కూడా. థీసిస్ అందుకున్న స్నేహితుల్లో వాంట్ హాఫ్‌కు 1901లో మొదటి కెమిస్ట్రీ నోబెల్ అప్పటికే వచ్చింది. ఆస్ట్వాల్డ్‌కు 1909లో వచ్చింది.

గాలిలో బొగ్గుపులుసు లెక్క

ఇప్పటి జనానికి అర్హీనియస్ పేరు ఇంకో రకంగానూ తెలుసు. 1894లో తన స్టూడెంట్ సోఫియా రుడ్‌బెక్‌ను పెళ్లి చేసుకున్నాడు. కొడుకు పుట్టాడు. కానీ 1896కల్లా విడిపోయారు. ఆ కష్టకాలంలోనే ఆయన నెలల తరబడి చేత్తో లెక్కలు వేస్తూ కూర్చున్నాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందన్నది ఆ లెక్క. అప్పట్లో ఆ వాయువును కార్బానిక్ ఆమ్లం అనే పిలిచేవాళ్లు. 1896లో వచ్చిన పేపర్ పేరులోనూ ఆ మాటే ఉంది. ఆ వాయువు రెట్టింపైతే ఉష్ణోగ్రత 5 నుంచి 6 డిగ్రీలు పెరుగుతుందని తేల్చాడు. ఇప్పటి కంప్యూటర్ల అంచనాల కంటే ఇది ఎక్కువే. అయినా కాగితం, పెన్సిల్‌తో అంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు. చలిదేశం మనిషి కాబట్టి వేడెక్కితే మంచిదే అనుకున్నాడు. అది మాత్రం తప్పు అంచనా.

కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగితే వచ్చే కార్బానిక్ ఆమ్లం కూడా బలహీన ఆమ్లమే. సమీకరణంలో రెండు బాణాలే. సోడా సీసా మూత తీయగానే బుస్సుమని వాయువు బయటికొచ్చేది ఆ వెనక్కి వెళ్లే బాణం వల్లే. అదే బాణం సముద్రంలో ముందుకు నడుస్తోంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ సముద్రం దాన్ని పీల్చుకుంటోంది, హైడ్రోజన్ అయాన్లు పెరుగుతున్నాయి. పరిశ్రమలు రాకముందు 8.2 దగ్గరున్న సముద్రపు పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గరికి దిగింది. చూడ్డానికి చిన్న తేడా. కానీ పీహెచ్ లెక్కలో అది హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగినట్టు. పగడాలకు, ఆల్చిప్పలకు గట్టి చిక్కు అది.

పర్యావరణ కార్యకర్త గ్రెటా థన్‌బర్గ్‌కు అర్హీనియస్ దూరపు చుట్టం. అర్హీనియస్ తల్లి పుట్టింటి పేరు కూడా థన్‌బర్గే.

కుర్చీ ఎక్కాక

1905లో బెర్లిన్ నుంచి పిలుపొస్తే, పోనివ్వకుండా స్వీడన్ ఆయన కోసం నోబెల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిజికల్ కెమిస్ట్రీ విభాగాన్నే ఏర్పాటు చేసి డైరెక్టర్‌ను చేసింది. అదే ఏడాది మరియా యోహాన్సన్‌ను పెళ్లి చేసుకున్నాడు. నోబెల్ వ్యవహారాల్లో ఆయన మాటకు బరువు పెరిగింది. ఒకప్పుడు తన థీసిస్‌ను తొక్కేయబోయిన కుర్చీల లాంటి కుర్చీలోనే ఇప్పుడు తాను కూర్చున్నాడు. ఆ బరువును ఆయన ఎప్పుడూ న్యాయంగానే వాడాడని చెప్పలేం. 1906లో మెండలీవ్‌కు నోబెల్ రాకుండా పోవడంలో ఆయన చెయ్యి ఉందన్నది సైన్స్ చరిత్రకారుల మాట. అయాన్ల సిద్ధాంతాన్ని మెండలీవ్ విమర్శించడం దీనికి కారణమని చెబుతారు. ఆవర్తన పట్టిక కనిపెట్టిన మనిషి నోబెల్ లేకుండానే 1907లో కన్నుమూశాడు.

ఇంకో మచ్చ కూడా దాచకూడదు. జాతి శుద్ధి పేరుతో అప్పట్లో నడిచిన ఉద్యమంలో అర్హీనియస్ ఉన్నాడు. 1909లో ఏర్పడిన స్వీడిష్ జాతి పరిశుద్ధత సంఘం బోర్డులో కూర్చున్నాడు. 1922లో ఉప్సలాలో మొదలైన ప్రభుత్వ జాతి జీవశాస్త్ర సంస్థ కోసం కూడా పనిచేశాడు. అలాంటి ఆలోచనలే ఆయన పోయాక 1934లో స్వీడన్‌లో స్టెరిలైజేషన్ చట్టానికి దారి తీశాయి.

ఒక్క బాణం ఆయనది కాదు!

ఇక అసలు విడ్డూరం. రెండు బాణాల ఆలోచన బలహీన ఆమ్లాలకు చక్కగా కుదిరింది. బలమైన ఆమ్లాల దగ్గరకొచ్చేసరికి ఆస్ట్వాల్డ్ సూత్రం తప్పుతోంది. ఎందుకంటే అర్హీనియస్ లెక్కలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా పూర్తిగా విడిపోదు. కొంత శాతం అణువులుగా మిగులుతుంది, ఇంకా ఇంకా పలచన చేస్తే అవీ విడిపోతాయి. అంటే ఆయన లెక్కనే పట్టుకుంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి కూడా రెండు బాణాలే పెట్టాలి!

ఈ ముడి విప్పడానికి గట్టిగా పూనుకున్నవాళ్లలో ఒక భారతీయుడు ఉన్నాడు. కలకత్తాలో సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాలతో కలిసి చదువుకున్న జ్ఞానచంద్ర ఘోష్. బలమైన లవణాలు, ఆమ్లాలు నీళ్లలో పూర్తిగానే విడిపోతాయని, తేడా వచ్చేది అయాన్ల మధ్య లాగుడు వల్లేనని 1918లో ఆయన ఒక సిద్ధాంతం ప్రచురించాడు. అప్పటికి ఆయన వయసు పాతికలోపే. డెన్మార్క్‌లో బ్యెర్రుమ్ కూడా పూర్తిగా విడిపోతాయనే మాటను అంతకుముందు నుంచే చెబుతున్నాడు. ఘోష్ లెక్కలో లోపాలు ఉన్నాయి. 1923లో డిబై, హ్యూకెల్ ఇద్దరూ కలిసి ఆ లోపాలు దాటి సరైన లెక్క కట్టారు. ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేక ఆవేశం ఉన్న అయాన్లు గుమిగూడి దాన్ని వెనక్కి లాగుతాయి. కరెంటు తగ్గడానికి కారణం అదే కానీ, విడిపోకుండా మిగిలిన అణువులు కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పక్కన ఒక్క బాణం దర్జాగా నిలబడింది అలాగే. ఘోష్ తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీకి మొదటి డైరెక్టర్ అయ్యాడు.

అదే 1923లో ఇంకో లోటు కూడా తీరింది. అమ్మోనియా అణువులో హైడ్రాక్సైడ్ లేదు. అయినా అది క్షారం ఎలా అయింది? అర్హీనియస్ డెఫినిషన్ ఇక్కడ తడబడుతుంది. డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లౌరీ ఎవరికి వారు విడిగా జవాబు చెప్పారు. ఆమ్లం ప్రోటాన్ ఇస్తుంది, క్షారం ప్రోటాన్ తీసుకుంటుంది. అమ్మోనియా నీటి దగ్గర ప్రోటాన్ తీసుకుంటుంది, నీటిలో మిగిలేది హైడ్రాక్సైడ్:

అమ్మోనియా + నీరు ⇌ అమ్మోనియం అయాన్ + హైడ్రాక్సైడ్ అయాన్

ఇది బలహీన క్షారం. 0.1 మోలార్ ద్రావణంలో అమ్మోనియా కూడా సుమారు 1.3 శాతమే ఇలా మారుతుంది. అంటే అసిటిక్ ఆమ్లంతో సరిసమానం.

ఈ మార్పులన్నీ జరుగుతున్నప్పుడు అర్హీనియస్ బతికే ఉన్నాడు. నోబెల్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ పదవిలో 1927 దాకా ఉన్నాడు. ఆ ఏడాది అక్టోబర్ 2న స్టాక్‌హోమ్‌లో చనిపోయాడు. వయసు 68. అంత్యక్రియలు మాత్రం స్టాక్‌హోమ్‌లో కాదు, ఉప్సలాలో జరిగాయి.